ఒక్క స్క్రిప్ట్, పది బ్రాంచ్‌లు డౌన్: ఎస్‌ఎస్‌హెచ్ ఆటోమేషన్‌లో అసలు కష్టం ఎక్కడుంది?

ఈసారి ఫోన్ రివ్యూ కాదు. కెమెరా శాంపిల్స్, బెంచ్‌మార్క్ స్కోర్లు ఏమీ ఉండవు. కాలేజీ ల్యాబ్‌లో ఓ మూల, ఆఫీసు సర్వర్ రూమ్‌లో, బ్యాంకు కౌంటర్ వెనకాల గోడకి బిగించిన ర్యాక్‌లో పచ్చ లైట్లు మిణుకుమిణుకుమంటూ ఉంటాయి చూడండి, ఆ స్విచ్‌లు, రూటర్ల గురించి. ఒక్కొక్క దాంట్లోకీ లాగిన్ అయి కమాండ్లు కొట్టే బదులు, ఒక పైథాన్ స్క్రిప్ట్‌తో అన్నిటికీ ఎలా కొట్టించాలి, అందులో చెయ్యి ఎక్కడ కాలుతుంది అన్నది చెప్తాను. నా చెయ్యి బాగానే కాలింది, అందుకే రాస్తున్నా.

ముందే ఒక మాట. కమాండ్లను ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. మీరు టైప్ చేసేటప్పుడు మాత్రం మామూలుగా ఇంగ్లీష్‌లోనే కొట్టాలి.

నా మొదటి ఉద్యోగంలో చేరి ఆరు నెలలైంది. బీటెక్‌లో నెట్‌వర్క్స్ సబ్జెక్ట్ ఏదో పాస్ అయ్యాం అంతే, స్విచ్ ముట్టుకున్నది అక్కడే. హెడ్ ఆఫీస్ హైదరాబాద్‌లో, బ్రాంచ్‌లు 38, ప్రతి బ్రాంచ్‌లో ఒక సిస్కో స్విచ్. "అన్ని బ్రాంచ్‌లకీ ఐపీ ఫోన్లు వస్తున్నయ్, వీల్యాన్ 30 తయారు చేసి అప్‌లింక్ మీద పంపాలె" అన్నాడు మా సీనియర్ అన్న. చేత్తో చేస్తే ఒక్కో స్విచ్‌కి అయిదు నిమిషాలు, అంటే మూడు గంటల పైన పని. పైథాన్ వచ్చినవాడికి మూడు గంటలు కూర్చుని కాపీ పేస్ట్ చేయడం అంటే అవమానమే కదా. స్క్రిప్ట్ రాస్తానన్నాను.

ఎస్‌ఎస్‌హెచ్ గురించి రెండు ముక్కలు

దూరంగా ఉన్న పరికరంలోకి లాగిన్ అవ్వడానికి ముందు టెల్‌నెట్ ఉండేది. అందులో పాస్‌వర్డ్ కూడా తీగ మీద మామూలు అక్షరాల్లానే వెళ్ళిపోతుంది. 1995లో ఫిన్లాండ్‌లోని హెల్సింకి టెక్నాలజీ యూనివర్సిటీ నెట్‌వర్క్‌లో పాస్‌వర్డ్‌లు దొంగిలించారు. ఆ దెబ్బకి అక్కడే ఉన్న టాటు యూలోనెన్ రాసిందే ఎస్‌ఎస్‌హెచ్. పోర్ట్ నంబర్ల లిస్టులో 21 ఎఫ్‌టీపీది, 23 టెల్‌నెట్‌ది. మధ్యలో ఖాళీగా ఉన్న 22ని ఆయన అడిగి తీసుకున్నాడు. ఇప్పటికీ అదే.

మీ ఆండ్రాయిడ్ ఫోన్‌లో టెర్మక్స్ యాప్ వేసి, ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేస్తే ఫోన్ నుంచి కూడా ఇదే పని చేయొచ్చు. బస్సులో కూర్చుని సర్వర్‌లోకి లాగిన్ అయితే పక్కవాడు మనల్ని హ్యాకర్ అనుకుంటాడు, అదొక బోనస్.

సర్వర్ వేరు, స్విచ్ వేరు

ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. లైనక్స్ సర్వర్‌కి ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా ఒక కమాండ్ పంపామనుకోండి. సర్వర్ ఆ కమాండ్‌ని రన్ చేసి, అవుట్‌పుట్ ఇచ్చి, చివర్లో ఒక ఎగ్జిట్ కోడ్ కూడా ఇస్తుంది. సున్నా వస్తే పని అయింది, వేరే నంబర్ వస్తే ఏదో తేడా కొట్టింది. ఎప్పుడు అయిపోయిందో, సరిగ్గా అయిందో లేదో రెండూ స్పష్టంగా తెలుస్తాయి.

చాలా స్విచ్‌లు, రూటర్లలో ఈ సుఖం లేదు. ఎందుకంటే అక్కడ పని స్టెప్పులుగా ఉంటుంది. ముందు "కాన్ఫిగర్ టెర్మినల్" కొట్టి లోపలికి వెళ్ళాలి, తర్వాత ఫలానా ఇంటర్‌ఫేస్‌లోకి వెళ్ళాలి, ఆ తర్వాతే అసలు కమాండ్. ఒక్కో కమాండ్‌ని విడివిడిగా కొత్త సెషన్‌లో పంపితే ప్రతిసారీ మళ్ళీ గుమ్మం దగ్గరే నిలబడతాం. అందుకని స్క్రిప్ట్ ఒక మనిషిలా నటించాలి. అంటే ఒక టెర్మినల్ తెరిచి, అక్షరాలు పంపి, అవతలి నుంచి వచ్చే అక్షరాలు చదువుకోవాలి. అవతలిది మనిషి కళ్ళ కోసం తయారైన స్క్రీన్. "అయిపోయింది" అని చెప్పే సిగ్నల్ ఉండదు, ఎగ్జిట్ కోడ్ ఉండదు. కమాండ్ తప్పు కొడితే "ఇన్‌వాలిడ్ ఇన్‌పుట్" అని ఒక లైన్ రాసి ఊరుకుంటుంది. మనిషైతే చూసి ఆగుతాడు. స్క్రిప్ట్‌కి అది కూడా మామూలు అక్షరాలే, తర్వాతి కమాండ్ దర్జాగా పంపేస్తుంది.

మరి కమాండ్ అయిపోయిందని ఎలా తెలుసుకోవాలి? నేను మొదట పారామికో అనే పైథాన్ లైబ్రరీతో రాసినప్పుడు చేసింది ఏంటంటే, కమాండ్ పంపి రెండు సెకన్లు నిద్రపొమ్మన్నాను, తర్వాత వచ్చినంత చదవమన్నాను. డెస్క్ పక్కన ఉన్న స్విచ్‌కి బ్రహ్మాండంగా పనిచేసింది. దానితోనే 38 బ్రాంచ్‌ల కాన్ఫిగ్ బ్యాకప్‌లు తీసి ఫోల్డర్‌లో పెట్టి మురిసిపోయాను. నెల తర్వాత ఒక ఫైల్ తెరిస్తే సగంలో ఆగిపోయి ఉంది. స్లో లింక్ ఉన్న బ్రాంచ్‌లలో రెండు సెకన్లలో సగం కాన్ఫిగే వచ్చింది, మిగతాది గాల్లో కలిసింది. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. బ్యాకప్ లేకపోతే లేదని తెలుస్తుంది, సగం బ్యాకప్ ఉంటే అవసరం పడిన రోజు దాకా తెలియదు.

సరైన పద్ధతి ప్రాంప్ట్ కోసం ఎదురుచూడటం. స్విచ్ పేరు, పక్కన # గుర్తు మళ్ళీ కనిపించిందంటే పాత కమాండ్ పూర్తయి కొత్తదానికి రెడీగా ఉందన్నమాట. ఈ ఆలోచన కొత్తదేం కాదు. 1990లో డాన్ లిబ్స్ అనే ఆయన ఎక్స్‌పెక్ట్ అనే టూల్ రాశాడు. ఫలానా మాట కనిపించేదాకా ఆగు, కనిపించాక ఫలానాది టైప్ చెయ్ అని చెప్పడమే దాని పని. ఇప్పటి లైబ్రరీల లోపల ఉన్నదీ అదే సూత్రం.

ప్రాంప్ట్ పట్టుకోవడంలోనూ తిరకాసులున్నాయి. లాగిన్ అవ్వగానే కనిపించే హెచ్చరిక బోర్డుని కొందరు # గుర్తులతో గళ్ళు గీసి అలంకరిస్తారు. కేవలం # కోసం వెతికే స్క్రిప్ట్ అక్కడే బోల్తా. అవుట్‌పుట్ పెద్దదైతే స్విచ్ ఒక పేజీ చూపించి "--మోర్--" అని ఆగుతుంది, స్పేస్ బార్ కొట్టే మనిషి కోసం. స్క్రిప్ట్ ప్రాంప్ట్ కోసం, స్విచ్ స్పేస్ కోసం, ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ కూర్చుంటారు. అందుకే సెషన్ మొదలవ్వగానే "టెర్మినల్ లెంగ్త్ 0" కొట్టి పేజీలు ఆపేయాలి.

ఇవన్నీ మనమే రాసుకోనక్కర్లేదు. కర్క్ బయ్యర్స్ తయారు చేసిన నెట్‌మికో అనే లైబ్రరీ పారామికో మీద కూర్చుని ఈ చాకిరీ అంతా చేస్తుంది. డివైస్ టైప్ "సిస్కో ఐఓఎస్" అని చెప్తే చాలు, పేజీలు ఆపడం, ప్రాంప్ట్ కనిపెట్టడం అదే చూసుకుంటుంది. సమాచారం చదవడానికి "సెండ్ కమాండ్", మార్పులు చేయడానికి "సెండ్ కాన్ఫిగ్ సెట్". నాలుగైదు లైన్లలో పని అయిపోతుంది. నిజం చెప్పాలంటే, నన్ను ముంచింది కూడా ఆ సులువే.

ఆ మధ్యాహ్నం

స్క్రిప్ట్‌లో నేను పెట్టిన అసలు కమాండ్ ఇది: "స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలౌడ్ వీల్యాన్ 30". చదివితే ఏమనిపిస్తుంది? ట్రంక్ పోర్ట్ మీద వీల్యాన్ 30ని కూడా అనుమతించు అనే కదా. కాదు. దాని అర్థం, వీల్యాన్ 30ని మాత్రమే అనుమతించు, లిస్టులో ఇంతకుముందున్నవి తీసెయ్ అని. ఉన్నవాటికి కలపాలంటే మధ్యలో "యాడ్" అనే మాట ఉండాలి. నెట్‌వర్క్ ఇంజినీర్లలో ఈ ఒక్క మాట మర్చిపోయి కాల్చుకున్నవాళ్ళు లెక్కలేనంతమంది అని నాకు తర్వాత తెలిసింది.

మా బ్రాంచ్‌లలో ఆ లిస్ట్ 10, 20, 99. స్టాఫ్ కంప్యూటర్లు 10లో, సీసీ కెమెరాలు 20లో, స్విచ్‌లోకి మనం లాగిన్ అయ్యే దారి 99లో. అంటే నేను కూర్చున్న కొమ్మని నేనే నరుక్కునే కమాండ్.

టెస్ట్ చేయలేదా అంటే, చేశాను. డెస్క్ మీద ల్యాబ్ స్విచ్ మీద రన్ చేస్తే పాస్ అయింది. కానీ నా ల్యాప్‌టాప్ నేరుగా ఆ స్విచ్‌కే కనెక్ట్ అయి ఉంది, ట్రంక్ మీదుగా కాదు. కాబట్టి ట్రంక్ తెగినా నా సెషన్‌కి ఏమీ కాలేదు. వీల్యాన్ 30 వచ్చిందా అని చూశాను, వచ్చింది. మిగతావి ఉన్నాయా అని చూడలేదు.

వేగం కోసం త్రెడ్‌లు వాడి పది స్విచ్‌లకి ఒకేసారి కనెక్ట్ అయ్యేలా రాశాను. మొదటి బ్యాచ్‌గా పది బ్రాంచ్‌ల లిస్ట్ మాత్రమే ఇచ్చాను, ఆ రోజు నేను చేసిన మంచి పని అదొక్కటే. ఎంటర్ కొట్టాను. కాసేపు ఏమీ రాలేదు. తర్వాత వరసగా పది లైన్లు: టైమౌట్, టైమౌట్, టైమౌట్. ఏదో లింక్ సమస్య అనుకున్నాను. ఒకేసారి పది ఊళ్ళలో లింక్ సమస్య రాదని బుర్రకి తట్టేలోపు మా సీనియర్ అన్న ఫోన్ మోగడం మొదలైంది. బ్రాంచ్‌లలో బిల్లింగ్ ఆగిపోయింది, కౌంటర్ల ముందు జనం.

"ఏం కమాండ్ కొట్టినవ్ రా?" అన్నాడు. స్క్రీన్ చూపించాను. ఒక్క క్షణం చూసి, "సేవ్ చేసినవా?" అని మాత్రం అడిగాడు.

ఆ ప్రశ్న ఎందుకో చెప్తాను. సిస్కో స్విచ్‌లో రెండు కాన్ఫిగ్‌లు ఉంటాయి. ఒకటి ఇప్పుడు మెమరీలో నడుస్తున్నది, రెండోది ఆన్ అయినప్పుడు చదువుకునేది. మనం సేవ్ కమాండ్ కొట్టేదాకా మార్పు మొదటిదాంట్లోనే ఉంటుంది. నా స్క్రిప్ట్‌లో సేవ్ చేసే లైన్ చివర్లో ఉంది. సెషన్ దానికంటే ముందే తెగిపోయింది కాబట్టి అక్కడిదాకా వెళ్ళలేదు. అంటే స్విచ్ కరెంటు తీసి పెడితే పాత కాన్ఫిగ్ తిరిగొచ్చేస్తుంది.

ఇంక ఫోన్లు. "అన్నా, మూలకి గోడకి పెట్టె ఉంది కదా, అందులో పైనున్న డబ్బా వెనక నల్ల వైరు పీకి, పది లెక్కపెట్టి మళ్ళీ పెట్టు" అని ఒక్కో బ్రాంచ్‌కి. ఒకాయన యూపీఎస్ వైరు పీకాడు, ఆఫీసంతా చీకటి. అయినా స్విచ్ కూడా ఆగి మళ్ళీ లేచింది కాబట్టి పని అయింది. గంట లోపు తొమ్మిది బ్రాంచ్‌లు లేచాయి. పదోది కోదాడ. అక్కడ ర్యాక్‌కి తాళం, తాళం చెవి ఉన్నతను లీవులో, ఫోన్ స్విచ్ఛాఫ్. మా అన్న బండి తీసి విజయవాడ హైవే ఎక్కాడు, నేను పక్క సీట్లో. దారి పొడవునా ఆయన ఒక్క మాట అనలేదు, తిట్టినా బాగుండేది. సాయంత్రం ఏడింటికి తాళం పగలగొట్టించి కరెంటు తీసి పెట్టాం.

ఇప్పుడు నా స్క్రిప్ట్ ఏం చేస్తుంది

తిరిగొచ్చాక రాసిన స్క్రిప్ట్ మొదటిదానికంటే అయిదింతలు పెద్దది. కమాండ్ పంపే లైన్ అందులో ఇప్పటికీ ఒక్కటే. మిగతాదంతా దానికి ముందూ వెనకా ఉన్న చెకింగ్.

ముందు ఆ పోర్ట్ మీద ఇప్పుడు ఏ వీల్యాన్లు ఉన్నాయో చదువుతుంది. 30 ఇప్పటికే ఉంటే ఆ స్విచ్‌ని ముట్టుకోదు. ఇక్కడ ఒక చిన్న గుంట ఉంది: అవుట్‌పుట్‌లో "30" అనే అక్షరాలు ఉన్నాయా అని వెతికితే 130 కూడా దొరుకుతుంది, 20-40 అని రాసి ఉంటే దొరకదు. కామాలు, రేంజ్‌లు విడదీసి నంబర్ల సెట్‌గా మార్చుకున్నాకే పోల్చాలి. మార్పు తర్వాత మళ్ళీ చదివి, పాత సెట్‌కి 30 కలిపితే వచ్చేదీ ఇప్పుడున్నదీ ఒకటేనా అని చూస్తుంది. కొత్తది వచ్చిందా అన్నది కాదు, పాతది పోలేదు కదా అన్నదే ఇక్కడ ముఖ్యం.

తర్వాత, ఒకవేళ మనం బయట చిక్కుకుపోతే స్విచ్ తనంతట తానే వెనక్కి వెళ్ళాలి. దీనికి పాత కాలం చిట్కా "రీలోడ్ ఇన్ 10". పది నిమిషాల్లో రీస్టార్ట్ అవ్వు అని ముందే చెప్పి, మార్పు చేసి, అంతా బాగుంటే "రీలోడ్ క్యాన్సిల్" కొట్టడం. తేడా వస్తే పది నిమిషాలకి అదే రీస్టార్ట్ అయి పాత కాన్ఫిగ్‌తో లేస్తుంది. స్క్రిప్ట్‌లో వాడేటప్పుడు ఒక జాగ్రత్త: ఈ కమాండ్ కొట్టగానే స్విచ్ ప్రాంప్ట్ ఇవ్వదు, "కన్ఫర్మ్?" అని అడుగుతుంది. నెట్‌మికోకి ఎక్స్‌పెక్ట్ స్ట్రింగ్ అనే ఆప్షన్‌లో ఆ మాట ఇవ్వకపోతే ప్రాంప్ట్ కోసం చూసి చూసి టైమౌట్ అవుతుంది. సేవ్ చేయని మార్పులు ముందే ఉంటే "సేవ్ చేయమంటారా" అని కూడా అడుగుతుంది. అలాంటి స్విచ్‌ని నా స్క్రిప్ట్ వదిలేసి లిస్ట్‌లో రాసి పెడుతుంది. ఎవరో సగంలో వదిలేసిన పని మీద మనం పని చేయకూడదు.

రీస్టార్ట్ లేకుండా చేసే పద్ధతి ఇంకా మేలు. సిస్కోలో ఆర్కైవ్ సెట్ చేసి ఉంటే "కాన్ఫిగర్ టెర్మినల్ రివర్ట్ టైమర్ 5" అని లోపలికి వెళ్ళొచ్చు. అయిదు నిమిషాల్లో "కాన్ఫిగర్ కన్ఫర్మ్" అనకపోతే మార్పులన్నీ వెనక్కి. జూనిపర్ వాళ్ళ "కమిట్ కన్ఫర్మ్‌డ్" ఇదే పని చేస్తుంది, టైమ్ చెప్పకపోతే పది నిమిషాలు. మైక్రోటిక్ రూటర్లలో సేఫ్ మోడ్ ఉంది, కంట్రోల్ ఎక్స్ కొట్టి అందులోకి వెళ్ళాక కనెక్షన్ తెగితే మార్పులు రద్దవుతాయి. నా ఓటు జూనిపర్‌కే, ఈ విషయంలో దాన్ని కొట్టింది లేదు.

కన్ఫర్మ్ చేసేముందు చెకింగ్ ఎప్పుడూ కొత్త సెషన్‌తో చేయండి. ఎందుకంటే, లాగిన్ ఎవరెవరు అవ్వొచ్చో నిర్ణయించే యాక్సెస్ లిస్ట్‌ని మార్చారనుకోండి. తప్పు రాసినా మీ పాత సెషన్ తెగదు, ఆ రూల్ కొత్తగా వచ్చేవాళ్ళకే వర్తిస్తుంది. అంతా బాగుందనుకుని సేవ్ చేసి లాగౌట్ అయితే, ఇంక లోపలికి రాలేరు. కాబట్టి పాతది తెరిచే ఉంచి, రెండోది తెరిచి, అది లోపలికి వెళ్తేనే కన్ఫర్మ్, ఆ తర్వాతే సేవ్.

పది ఒకేసారి అన్న హీరోయిజం కూడా పోయింది. మొదట ఒక్క స్విచ్, అదీ తాళం చెవి దగ్గరున్న బ్రాంచ్. తర్వాత మూడు, తర్వాత మిగతావి. ఎక్కడ ఒక్కటి ఫెయిలైనా మొత్తం ఆగిపోతుంది. నెట్‌మికోలో ఎర్రర్ ప్యాటర్న్ అనే ఆప్షన్‌కి "ఇన్‌వాలిడ్ ఇన్‌పుట్" ఇచ్చాను, ఒక్క కమాండ్ తప్పు పడినా తర్వాతివి పంపదు. సెషన్ లాగ్ ఎప్పుడూ ఆన్. చివరికి ఏం జరిగిందో వెతుక్కోవాల్సి వస్తే ఆ ఫైలే దిక్కు.

తాళాల సంగతి

మొదటిసారి ఎస్‌ఎస్‌హెచ్ చేసినప్పుడు ఒక పొడుగాటి ఫింగర్‌ప్రింట్ చూపించి యెస్ ఆర్ నో అని అడుగుతుంది కదా. అందరం యెస్ కొట్టేస్తాం. అది అవతల ఉన్నది నిజంగా మన స్విచ్చేనా, మధ్యలో ఇంకెవరైనా కూర్చున్నారా అని తేల్చే తనిఖీ. నెట్‌మికో మామూలుగా ఈ తనిఖీని పట్టించుకోదు, ఎవరు తలుపు తీస్తే వాళ్ళకి పాస్‌వర్డ్ చెప్పేస్తుంది. ఎస్‌ఎస్‌హెచ్ స్ట్రిక్ట్ ఆప్షన్ ఆన్ చేసి, స్విచ్‌ల హోస్ట్ కీలు ముందే సేకరించి నోన్ హోస్ట్స్ ఫైల్‌లో పెట్టుకోండి. ఒక పూట పని, తప్పించుకోకండి.

పాస్‌వర్డ్‌ని స్క్రిప్ట్‌లో రాయొద్దని అందరూ చెప్తారు, నేనూ చెప్తున్నా. రన్ చేసేటప్పుడు అడిగించుకోండి, లేదా కీ వాడండి. కేవలం సమాచారం చదివే స్క్రిప్ట్‌లకి మార్పులు చేసే హక్కు లేని వేరే యూజర్ ఉంటే ఇంకా ప్రశాంతం.

కొత్త ల్యాప్‌టాప్ నుంచి పాత స్విచ్‌కి కనెక్ట్ అవ్వబోతే "మ్యాచింగ్ హోస్ట్ కీ టైప్ లేదు" అని వస్తే కంగారు పడకండి. 2021లో వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 8.8 నుంచి ఎస్‌హెచ్‌ఏ 1 వాడే పాత ఆర్‌ఎస్‌ఏ సంతకాలు డీఫాల్ట్‌గా ఆపేశారు. ఆ ఒక్క స్విచ్‌కి మాత్రమే మినహాయింపు రాయండి, మొత్తానికీ తెరవకండి.

ఇంట్లో నేర్చుకోవాలంటే

సిస్కో స్విచ్ కొనక్కర్లేదు. మైక్రోటిక్ వాళ్ళ సీహెచ్‌ఆర్ అనే రూటర్ సాఫ్ట్‌వేర్‌ని వర్చువల్‌బాక్స్‌లో ఉచితంగా నడపొచ్చు. ఉచిత లైసెన్స్‌లో ఒక్కో ఇంటర్‌ఫేస్‌కి వేగం 1 ఎంబీపీఎస్ మాత్రమే, కానీ కమాండ్లు కొట్టడానికి అది చాలా ఎక్కువ. ఇంట్లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వేసిన పాత వైఫై రూటర్ ఉంటే అదీ బాగుంటుంది, కాకపోతే అది లోపల లైనక్సే కాబట్టి ఎగ్జిట్ కోడ్ ఇచ్చేస్తుంది. స్విచ్‌తో వచ్చే తలనొప్పి అందులో తెలియదు.

సీహెచ్‌ఆర్‌తో మొదటి ప్రయోగంగా ఇది చేయండి. నెట్‌మికోతో కనెక్ట్ అయి, మీరు లోపలికి వస్తున్న ఇంటర్‌ఫేస్‌నే డిజేబుల్ చేసే కమాండ్ కావాలని పంపండి. మీ స్క్రిప్ట్ ఎన్ని సెకన్లు ఎదురుచూసిందో, చివర్లో ఏ ఎర్రర్ చూపించిందో రాసి పెట్టుకోండి. తర్వాత వర్చువల్‌బాక్స్ విండోలోంచి దాన్ని మళ్ళీ ఎనేబుల్ చేసి, రూటర్‌ని తనంతట తానే తిరిగి లేపే స్క్రిప్ట్ రాయడానికి ప్రయత్నించండి. నాకు మూడు రోజులు పట్టింది.